పెద్ద మామాకు చలిబట్టలు

కువైత్‌లో ఏప్రిల్ దాటితే ఉన్నిబట్టను ముట్టుకోవాలన్నా చేతులకు చెమట పడుతుంది. అయినా మా ఇంటి బంధువుల్లో ఎవరైనా ఐస్‌లాండ్ వెళ్తున్నారంటే, అది ఏ నెలైనా సరే, పెట్టె సర్దడానికి నన్ను పిలుస్తారు. మా ఇల్లు అంటే నేను పనిచేసే ఇల్లు. ఆ ఇంటి ఆడపడుచులు, కొత్తగా పెళ్ళైన కోడళ్ళు ఫోను చేసి, జనవరికి ఏం పెట్టుకోవాలి, జూలైకి ఏం పెట్టుకోవాలి అని విడివిడిగా అడుగుతారు. రెండింటికీ పెట్టె అడుగున పెట్టేవి ఒకటేనంటే నమ్మరు. ఒంటిని అంటుకుని ఉండే పల్చటి ఉన్ని, దాని మీద మందపు ఉన్ని, అన్నిటికీ పైన నీళ్ళు దిగని కోటు. జనవరికి మధ్యలో ఇంకో పొర చేరుతుంది, బూట్ల కింద జారకుండా ముళ్ళ పట్టీ చేరుతుంది. అంతకుమించి తేడా లేదు. నూలుబట్ట మాత్రం ఏ నెలలోనూ ఒంటికి తగలకూడదు.

నేను బడికి పోయినదాన్ని కాను. మా అమ్మ పొద్దున్నే వాకిలి ఊడ్చి ముగ్గేశాక, మిగిలిన పిండితో అరుగు మీద అక్షరాలు రాసి నన్ను దిద్దమనేది. చదవడం, రాయడం అట్లా ఇంట్లోనే వచ్చాయి. ఈ చలిబట్టల విద్య కూడా అట్లాగే, ఒక పెద్దామెకు బట్టలు తొడుగుతూ విప్పుతూ నేర్చుకున్నాను. ఏ పనికైనా నేర్పే మనిషిని దేవుడు నాకు ఇంట్లోకే పంపిస్తున్నాడు. దానికి రోజూ దండం పెట్టుకుంటాను.

ఆ పెద్దామెను నేను పెద్ద మామా అంటాను. ఇక్కడ ఇంట్లో పనిచేసే మేమంతా యజమానురాలిని 'మామా' అనే పిలుస్తాం. మన మేనమామ కాదు, అమ్మ అని అర్థం. బ్నీద్ అల్ గార్‌లోని ఆ ఇంట్లో ఇద్దరు మామాలు. చిన్న మామా కూతురు, పెద్ద మామా తల్లి. నేను ఎక్కువగా చూసుకునేది తల్లినే. ఎనభైకి దగ్గర పడిన మనిషి. మోకాళ్ళు సహకరించవు. ఊపిరితిత్తులు అంతకంటే సహకరించవు. ఎడారి నుంచి దుమ్ము లేచిన రోజున తలుపు సందులకు తడిగుడ్డలు కుక్కి ఆమె పక్కన కూర్చుంటాను. ఆమె మాట్లాడేది అరబ్బీ. కానీ ఇన్నేళ్ళకు నా చెవికి అది మా రాజంపేట పక్క మాటలాగే వినిపిస్తుంది. అందుకని ఆ ఇంటివాళ్ళ మాటల్ని నాకు వినిపించినట్టే రాస్తాను.

ఒకరోజు మనవరాలు ఫోనులో ఏదో చూపిస్తుంటే పెద్ద మామా కళ్ళజోడు సరిచేసుకుని ముందుకు వంగింది. ఐస్‌లాండ్‌లో ఎక్కడో రెండు కొండల మధ్య తెల్లగా, నీలంగా ఒక మంచునది గడ్డకట్టి ఉంది.

"ఇదంతా మంచినీళ్ళేనా? ఉప్పు లేదా?" అని అడిగింది.

"ఉప్పు ఎక్కడిది? వాన, మంచు పడి గట్టిపడిందంతే" అంది మనవరాలు.

పెద్ద మామా ఫోను చేతిలోకి తీసుకుని ఆ బొమ్మనే చూసింది. ఆమె చిన్నప్పుడు, నూనె డబ్బు ఇంకా ఇళ్ళదాకా రాని రోజుల్లో, కువైత్‌లో తాగే నీళ్ళు లేవు. ఉత్తరాన నది సముద్రంలో కలిసే చోటు నుంచి పడవల్లో తెచ్చి, గాడిదల మీద తోలుసంచుల్లో వీధులకు పంచేవాళ్ళు. ఆమె తండ్రి అట్లాంటి పడవ మీద పనిచేశాడు. నీళ్ళ పడవ మనిషి కూతురైనా, నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కోవడానికి ఆమెకు దొరికేది చిన్న గిన్నెడు. ఆ గిన్నెలో నీళ్ళు మిగిల్చి తమ్ముడికి ఇవ్వాలి. ఈ సంగతులు ఆమె కాళ్ళు ఒత్తేటప్పుడు నేను చాలాసార్లు విన్నాను.

వారం తిరక్కుండా ఆమె తన కోరిక బయటపెట్టింది. ఆ మంచుకొండ దగ్గరికి పోవాలి, ఆ నీళ్ళతో తనివితీరా ఒకసారి కడుక్కుని నమాజు చేసుకోవాలి.

కొడుకులిద్దరూ ఒప్పుకోలేదు. డాక్టరు కూడా ఊపిరితిత్తులకు చలి తగిలి నెమ్ము చేసిందంటే ఈ వయసులో కోలుకోవడం కష్టమన్నాడు. చిన్న మామా ఒక్కతే తల్లి పక్క నిలబడింది. ఆమె కాలేజీలో పాఠాలు చెబుతుంది. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ళను ఒప్పించే మనిషి. అన్నదమ్ములకు ఒక మాట ఇచ్చి ఒప్పించింది. అక్కడ అమ్మకు దగ్గు ముదిరితే, కొండ చూసినా చూడకపోయినా, దొరికిన మొదటి విమానంలో వెనక్కి తీసుకొచ్చేస్తానని. నన్ను కూడా తోడు తీసుకెళ్తానంది. ఇక్కడ ఉండటానికిచ్చే నా ఇఖామా కార్డు, పాస్‌పోర్టు, వీసా కాగితాలన్నీ తనే చూసుకుంది.

జూన్‌లో ప్రయాణం. హాలు నిండా పెట్టెలు తెరిచి పెట్టాం. బయట ఎండ యాభై దగ్గర ఉంది. ఏసీ గుయ్యిమంటున్నా కిటికీ అద్దం మీద చెయ్యి ఆనించలేం. పైగా ఆ ఇంట్లో ప్రయాణపు బట్టలకు ధూపం వెయ్యకుండా పెట్టెలో పెట్టరు. నిప్పుల మీద అగరు చెక్క వేసి, ఆ పొగ మీద ఒక్కో బట్టా పట్టి, సువాసన పట్టాకే మడత పెట్టాలి. ఆ వేడిలో ధూపదాని ముందు కూర్చుని మేజోళ్ళకు కూడా పొగ పట్టిస్తుంటే నాకు నవ్వొచ్చింది. కానీ ఆ పద్ధతంటే నాకు ఇష్టం. మా ఇంట్లో శనివారం సాంబ్రాణి వేసినట్టే ఉంటుంది.

"ఏమ్మే, నా ఫర్వా యాడ?" అని పెద్ద మామా సోఫాలోంచి కేకేసింది.

ఫర్వా అంటే గొర్రెబొచ్చు లోపలివైపు ఉండేలా, బయట మందపు గుడ్డ వేసి కుట్టిన బారు అంగీ. చలికాలంలో ఈ ఊరివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుంటారు. రాత్రిళ్ళు అక్కడ గాలి ఎముకల్లోకి దిగుతుంది. ఫర్వా కప్పుకుంటే ఇక ఏ చలీ దగ్గరికి రాదు. పెద్ద మామాది ఆమె భర్త చేయించి ఇచ్చినది.

"మామా, అదొక్కటి పెడితే పెట్టె నిండిపోతాది" అన్నాను.

"అయితే పెట్టెలో పెట్టొద్దులే. ఏసుకోనే పోతా."

చిన్న మామా నవ్వింది. "యుమ్మా, ఈ ఎండలో అది వేసుకుని విమానాశ్రయానికి వస్తే లోపల ఏం దాచుకున్నావో అని నిన్ను పక్కకు పిలుస్తారు."

యుమ్మా అంటే అమ్మ.

"పిల్చనీ. ముసిలి ఎముకలు దాచినా అని చెప్తా."

చిన్న మామా ఫోనులో అక్కడి వాతావరణం చూసింది. పది డిగ్రీలు. "మన డిసెంబరు గుడారం లెక్కే. ఫర్వా సరిపోతుంది. లోపల నూలు బనీన్లు పెట్టు చాలు" అంది. ఇంట్లో అందరికీ ఆ మాట నచ్చింది. చలి అంటే వాళ్ళకు ఎడారి చలే తెలుసు. అది పొడి చలి. ఆ లెక్కన ఫర్వా కంటే గొప్ప బట్ట లోకంలో లేదు. నాకూ అదే అనిపించింది. మా ఊళ్ళో అయితే చలికి దుప్పటి కప్పుకోవడమే తెలుసు.

శుక్రవారం సెలవు రోజున మహబూలా వెళ్ళాను. అక్కడ మా ఊరామె ఒకామె నాలుగు గదుల ఇల్లు తీసుకుని మనవాళ్ళకు భోజనాలు పెడుతుంది. వడ్డన సాయం చేస్తుంటే జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకన్న పలకరించాడు. సబ్హాన్‌లో ఒక కోల్డ్ స్టోరేజీలో మాంసం పెట్టెలు మోసే పని ఆయనది. బయట ఎండ మండిపోతుంటే లోపల మైనస్ ఇరవైలో నిలబడే మనిషి. నేను చలిదేశం పోతున్నానని తెలిసి కంచం పట్టుకునే నా పక్కకు వచ్చాడు.

"అక్కా, ఒక్కటే ముచ్చట చెప్త, యాదుంచుకో. లోపట చెమట రావద్దు. చెమట బట్టకు పట్టిందా, గదే మంచై కూసుంటది. నూలు బనీను అసలే ఏసుకోవద్దు."

"మరేం ఏసుకుంటావన్నా?"

"ఉన్నిదే. ఈ ఎండల ఉన్ని బనీను ఏసుకుని బస్సెక్కుతనా, పక్కోడు నన్ను జూసి జరిగి కూసుంటడు. పిచ్చోడనుకుంటడు." అందరూ నవ్వారు. "షూస్ గూడ జెర పెద్దయే కొనుక్కోరి. బిగ్గ ఉంటె ఏళ్ళు గడ్డ కడతయి."

"వాన పడితే?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "మా స్టోర్ల వాన యాడికెల్లి వస్తదక్కా? గది నాకెర్కలేదు."

నాకు ఆయన మీద గౌరవం కలిగింది. తెలిసింది పూర్తిగా చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు. కానీ జూన్ నెల కువైత్ దుకాణాల్లో ఉన్ని బనీను ఎక్కడ దొరుకుతుంది? చిన్న మామా రెండు షాపింగ్ మాల్‌లు తిరిగి పల్చటి కోట్లు, పెద్ద సైజు బూట్లు మాత్రం తెచ్చింది.

రెండు విమానాలు మారి దిగాం. విమానాశ్రయం తలుపు తెరుచుకోగానే గాలి నా చున్నీని లాక్కుపోబోయింది. చలి పెద్దగా అనిపించలేదు. ఆ గాలిలో దుమ్ము లేకపోవడమే ముందు తెలిసింది. పెద్ద మామా ఫర్వాలో, చక్రాల కుర్చీలో కూర్చుని గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"గమ్మునుండండి ఇద్దరూ. నన్ను ఊపిరి తీసుకోనీయండి" అంది. మేమేం మాట్లాడలేదు అప్పటికి.

చిన్న మామా అద్దెకారు తోలింది. మేం దిగాల్సిన ఇల్లు దక్షిణం వైపు ఒక గొర్రెల పెంపకందారు ఇల్లు. దారిలో ఒక జలపాతం వచ్చింది. చూసి వెళ్దామని కారు ఆపింది. సన్నటి వాన పడుతోంది. ఆ దేశంలో వాన పైనుంచి కిందికి పడదు. పక్కనుంచి వచ్చి మొహాన కొడుతుంది. జలపాతం తుంపర వానతో కలిసి ఎదురుగా వస్తోంది. పెద్ద మామా నా భుజం పట్టుకుని కట్టె ఊతంగా కంచె దాకా నడిచింది. నిలబడిపోయింది.

అంత నీరు పడుతుంటే నేనూ నోరు తెరుచుకునే చూశాను. ఆమె చూపు వేరు. ఆమె కళ్ళు ఆ నీటి కింద దేన్నో వెతుకుతున్నాయి.

"ఎవురూ బిందె కూడా పెట్టలేదే!" అంది. "ఇన్ని నీళ్ళు ఊరికే పోతాంటే అడిగేవాళ్ళే లేరా?"

"మామా, పోదాం పా. తడుస్తాండావు."

"ఫర్వా ఉండాది కదమ్మే. నాకేమీ కాదు."

నిజంగానే ఆమెకేం తెలియలేదు. ఫర్వా బయటి గుడ్డ నీళ్ళు తాగుతోంది. కింది అంచు నేల మీద ఈడ్చుకుంటూ తాగుతోంది. లోపలి బొచ్చు దాకా నీళ్ళు దిగేవరకు ఆమె వెచ్చగానే ఉంది. మెడ చుట్టూ కట్టుకున్న నూలు ముసుగు తడిసి, ఆ తడి మెడ నుంచి వీపు దాకా, నూలు బనీను దాకా జారింది. వెనక్కి తిరిగేసరికి ఆమె అడుగు వెయ్యలేకపోయింది. చలికి కాదు, బరువుకు. నీళ్ళు తాగిన గొర్రెతోలు ఎంత బరువుంటుందో ఆరోజు తెలిసింది. చిన్న మామా ఒకవైపు, నేనొకవైపు ఫర్వా అంచులు ఎత్తి పట్టుకుని, పల్లకీ మోసినట్టు ఆమెను కారు దాకా తెచ్చాం. కార్లో ఆమె పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. నా ఒడిలో ఆమె పాదాలు పెట్టుకుని రుద్దుతూ, నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను.

మర్నాడు పొద్దున దగ్గు మొదలైంది.

లోతైన దగ్గు కాదు. కానీ చిన్న మామా మొహం పాలిపోయింది. మాటిచ్చి వచ్చిన మనిషి. కిటికీ దగ్గర ఫోను పట్టుకుని విమానాలు వెతకడం మొదలుపెట్టింది. పెద్ద మామా మంచం మీద గోడకు ఆనుకుని కూతురి వీపు వైపే చూసింది. కొండ అక్కడికి గంటన్నర దూరంలో ఉంది.

"ఒక్కరోజు చూడు" అంది. ఆ గొంతులో బతిమాలడం లేదు. అడిగిందంతే. "రేపటికి తగ్గలేదా, నేనే పెట్టె సర్దుకుంటా. నీ మాట పోగొట్టను."

చిన్న మామా తిరిగి చూసింది. కళ్ళలో నీళ్ళు. "ఒక్కరోజే, యుమ్మా. రేపు నీ వీపుకు చెవి పెట్టి వింటా. పిల్లికూత వినపడిందంటే ఖలాస్."

"ఖలాస్" అని ఒప్పుకుంది పెద్ద మామా. ఇక అయిపోయినట్టే అని ఆ మాటకు అర్థం.

అప్పుడే ఇంటామె తలుపు తట్టింది. అరవై దాటిన పొడుగాటి మనిషి, చేతులు మా ఊరి రైతు ఆడవాళ్ళ చేతుల్లాగే గరుకుగా ఉన్నాయి. తడిసిన ఫర్వాను రాత్రే పట్టుకెళ్ళి వేన్నీళ్ళ గొట్టాల గదిలో ఆరేసిందట. ఇప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, బొచ్చులోకి వేళ్ళు పోనిచ్చి, గొర్రెను తడిమినట్టు తడిమి చూసింది. తర్వాత ఇంగ్లీషులో ఏదో అంది. చిన్న మామా దిగులుగా ఉన్నది కాస్తా ఫక్కున నవ్వి, మాకు చెప్పింది.

"చాలా మంచి గొర్రె అంటోంది. కానీ గొర్రె బొచ్చును బయటికి వేసుకుంటుంది, మీరు లోపలికి వేసుకున్నారు, వాన వస్తే గొర్రెకున్న తెలివి మీ అంగీకి ఎక్కడినుంచి వస్తుంది అంటోంది."

పెద్ద మామా నవ్వి, దగ్గి, మళ్ళీ నవ్వింది. "చెప్పమ్మా ఆమెకు. మా గొర్రెలు వాన చూసి ఎరగవు పాపం."

ఇంటామె వెళ్ళి రెండు చేతుల నిండా బట్టలు తెచ్చింది. అవి ఆమె సొంత బట్టలు. కొన్ని ఆమె చేతులతో అల్లినవి. మంచం మీద పరిచి, ఏది ముందు ఏది తర్వాత అని నాకు సైగలతో చూపించింది. నా చున్నీని రెండు వేళ్ళ మధ్య పిండి చూపి, తల అడ్డంగా ఊపింది. నూలు తడిని పట్టుకుంటుంది, వదలదు. జగిత్యాల అన్న చెప్పిన మాటే. ఒక ఉన్ని మేజోడు తీసుకుని కిటికీ బయట వానలో తడిపి, పిండి, నా చేతికి తొడిగింది. తడిగానే ఉంది, కానీ లోపల వెచ్చగా ఉంది. నేను ఆశ్చర్యపోయి ఆమె మొహం చూస్తే, కన్ను గీటింది.

ఆరోజంతా పెద్ద మామాకు వేడినీళ్ళ ఆవిరి పట్టాను. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించకుండానే వేన్నీళ్ళు వస్తాయి, భూమిలోంచి. కాస్త ఉడికిన గుడ్డు వాసన వేస్తాయి. మొదటిసారి ఆ నీళ్ళతో చేతులు కడుక్కుని పెద్ద మామా చాలాసేపు కుళాయి కట్టెయ్యలేదు.

"దేవుడు మాకు నేలలోంచి నూనె ఇచ్చినాడు, వీళ్ళకు వేన్నీళ్ళు ఇచ్చినాడు" అంది. "వీళ్ళమీదే ఎక్కువ ప్రేమ ఉన్నట్టుండాదే."

ఇంకో చిక్కు, ఆ దేశంలో జూన్‌లో అర్ధరాత్రి దాకా పొద్దు గూకదు. ఎప్పుడు చూసినా వెలుగే. సాయంత్రం నమాజు ఎప్పుడు చెయ్యాలని ఆమె, సందెదీపం ఎప్పుడు పెట్టాలని నేను. దీపం అంటే పెద్దదేం కాదు, నేను ప్రయాణాల్లో తీసుకెళ్ళే చిన్న ఇత్తడి ప్రమిద.

"నా ఫోనులో కువైత్ గంటలే ఉన్నాయి మామా. మార్చలేదు."

"మార్చొద్దు. ఆడ పొద్దు గూకితే ఈడ కూడా గూకినట్టే. ఇద్దరం దానికే లెక్క పెట్టుకుందాం."

అట్లా కువైత్ సాయంత్రానికి, ఎండ ఇంకా మంచం మీద పడుతుండగానే, ఆమె నమాజు చేసుకుంది, నేను గది మూలన దీపం పెట్టుకున్నాను. చిన్న మామా మా ఇద్దరినీ చూసి కిటికీ తెర లాగి కాస్త చీకటి చేసింది.

మర్నాడు పొద్దున చిన్న మామా తల్లి వీపుకు చెవి ఆనించి విన్నది. "తీసుకో ఊపిరి. వదులు. ఇంకోసారి." నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు విన్నట్టు అనిపించింది.

"పిల్లి లేదు" అంది చివరికి. "యల్లా, తొడుగు బట్టలు."

యల్లా అంటే పద, కానీ అని.

బట్టలు తొడగడం అంత తేలిక కాలేదు. పల్చటి ఉన్ని చొక్కా తొడిగితే, "గీరుతాంది, తీసెయ్" అంది. కాసేపు ఓర్చుకోమని బతిమాలి, పైన ఇంటామె అల్లిన స్వెటర్ తొడిగితే, "ఇప్పుడు నేనే గొర్రెను" అంది. మెడకు నూలు ముసుగు తీసేసి, మెత్తటి ఉన్ని కండువా తల చుట్టూ తిప్పి జుట్టు, మెడ కనిపించకుండా కట్టాను. అక్కడిదాకా బాగానే ఉంది. అబాయా దగ్గర ఆగిపోయింది. అబాయా అంటే బయటికి వెళ్ళేటప్పుడు మెడ నుంచి పాదాల దాకా వేసుకునే పల్చటి నల్ల అంగీ. ఆ గాలికి తెరచాపలా ఎగురుతుంది, అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంటుంది. ఇంటామె నీళ్ళు దిగని ప్యాంటు, పొట్టి కోటు చూపించింది.

"మగోళ్ళ బట్ట ఏసుకోని నలుగురిలో తిరిగేదాన్ని కాదు" అని పెద్ద మామా కళ్ళు మూసుకుంది. కూతురు ఎన్ని చెప్పినా తెరవలేదు.

ఇంటామె ఒక నిమిషం ఆలోచించి, పెరటి తలుపు దగ్గర మేకుకు తగిలించిన వాన అంగీ తెచ్చింది. తెల్లవారుజామున గొర్రెల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆమె వేసుకునేది. చీలమండల దాకా బారు, వదులు చేతులు, తలకు టోపీ. పసుపుపచ్చ రంగు. పెద్ద మామా ఒక కన్ను తెరిచింది. ముట్టుకుని చూసింది. పొడుగు కొలిచినట్టు మోకాలి నుంచి పాదం దాకా చూసింది.

"ఇది అబాయానే" అని తీర్పు చెప్పింది. "రంగు ఒక్కటే ఎక్కువైంది."

ఆ మాటకు నాకు ఆమె మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. ఎనభై ఏళ్ళ మనిషి, జీవితమంతా నలుపు తప్ప కట్టని మనిషి. తనకు ముఖ్యమైనదేదో, కానిదేదో ఆమెకు అంత స్పష్టంగా తెలుసు. నన్నయితే ఇంటామె అడగలేదు కూడా. చూడీదారు విప్పించి ఉన్ని ప్యాంటు ఎక్కించి, నెత్తిన టోపీ పెట్టి, బొట్టు చెరిగిపోకుండా టోపీ అంచును కాస్త పైకి జరిపింది. పరాయి దేశపు మనిషి నా బొట్టును అంత జాగ్రత్తగా చూసుకుంటుందని నేను అనుకోలేదు.

మంచుకొండ దగ్గరికి కారు చాలావరకు వెళ్ళింది. వాన, ఎండ, మళ్ళీ వాన. పెద్ద మామా పసుపు అంగీలో ముందు సీట్లో నిటారుగా కూర్చుంది. దిగాక నల్లటి గులకరాళ్ళ మీద కొంత దూరం నడవాలి. ఆమె కట్టె ఒక చేత్తో, నా చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుంది. నాలుగు అడుగులు వేసి ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్ళీ నడుస్తుంది. వానచుక్కలు అంగీ మీద పడి గుండ్రంగా దొర్లిపోతుంటే, ఆగినప్పుడల్లా వాటిని చూసి మురిసిపోయింది.

కొండ పాదం దగ్గర వాగు పారుతోంది. ఆమె మొహం ఒక్కసారిగా వాడిపోయింది. నీళ్ళు బూడిద రంగులో, గంజిలా ఉన్నాయి. రాతిపొడి కలిసి వచ్చే నీళ్ళు అట్లాగే ఉంటాయని చిన్న మామా చెప్పింది. ఆ వాగు ఒడ్డున, కొండ నుంచి విరిగి కొట్టుకొచ్చిన మంచుగడ్డ ఒకటి రాళ్ళ మధ్య ఆగి ఉంది. మా ఇంటి ఫ్రిజ్ అంత ఉంటుంది. లోపల నీలం వెలుగు. దాని అంచు నుంచి చుక్కలు ధారగా కారుతున్నాయి, అద్దంలా తేటగా.

నేను ఆమెను దాని పక్కన ఒక రాయి మీద కూర్చోబెట్టాను. చిన్న మామా ముందుకు వచ్చింది. "యుమ్మా, మొహం ఒక్కటే. కాళ్ళు వద్దు. మేజోళ్ళు విప్పావంటే నేను ఊరుకోను."

"ప్రయాణంలో ఉన్నదానికి మేజోళ్ళ మీద తడిచెయ్యి రాస్తే చాలని మాకు ఎప్పుడో చెప్పినారు" అంది తల్లి. "నువ్వు పుట్టకముందే. దేవునికి నీకంటే ముందే నా కాళ్ళ మీద జాలి ఉండాది."

చేతి తొడుగులు నేను విప్పాను. ఆమె కారుతున్న ధార కింద దోసిలి పట్టింది. చల్లదనానికి ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. నేనూ చిన్న మామా ఇద్దరం ఆమె ఛాతీ వైపే చూశాం. దగ్గు రాలేదు. దోసిలి నిండింది. నిండినా ఆమె తీయలేదు. నీళ్ళు వేళ్ళ మధ్య నుంచి, మణికట్టు మీదుగా పొంగి పోయేదాకా పట్టే ఉంచింది. తర్వాత చేతులు కడుక్కుంది. నోరు పుక్కిలించింది. మొహం కడుక్కుంది. మోచేతుల దాకా అంగీ చేతులు నేను ఎత్తి పట్టుకున్నాను. తల మీద తడిచెయ్యి ఆనించుకోవడానికి కండువా కొంచెం జరిపాను. వంగలేదు కాబట్టి, నేను బూట్లు విప్పి ఆమె పాదాలు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి పట్టుకుంటే, మేజోళ్ళ మీద తడివేళ్ళు నిదానంగా రాసుకుంది. అంతసేపూ ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. రాయి మీదే కూర్చుని, చిన్న మామా చూపించిన దిక్కుకు తిరిగి, నమాజు చేసుకుంది. గాలికి పసుపు అంగీ టోపీ పటపటా కొట్టుకుంటోంది. నేను గాలికి అడ్డంగా నిలబడ్డాను.

అయ్యాక మళ్ళీ దోసిలి పట్టింది. ఈసారి నా వైపు చాపింది.

"తాగు బిడ్డా. ఉప్పు లేదు, చూడు."

నేను వంగి ఆమె దోసిట్లోంచే తాగాను. మిగిలిన చుక్కలు కళ్ళకద్దుకుని తలమీద చల్లుకున్నాను. ఆమె అది చూసింది. తప్పని అనలేదు, ఎందుకని అడగలేదు. రుచి ఎట్లా ఉందని మాత్రం అడిగింది. ఏ రుచీ లేదని చెప్పాను. అదే కావాల్సింది అన్నట్టు తలూపింది.

ఆమె వేళ్ళు ఎర్రగా కమిలిపోయాయి. తొడుగుల్లోకి దూరడం లేదు. చిన్న మామా కంగారుపడుతుంటే, నేను ఆమె రెండు చేతులూ తీసుకుని నా స్వెటర్ లోపలికి, చంకల కింద పెట్టుకున్నాను. ఒళ్ళు జివ్వుమంది. ఆమె కిలకిలా నవ్వి, "గట్టిగా పట్టుకోమ్మే, వదలొద్దు" అంది. నేను వదల్లేదు. వాన మళ్ళీ మొదలైంది. అంగీ మీదినుంచి చుక్కలు జారిపోతున్నాయి. ఆమె ఊపిరి నా మెడకు వెచ్చగా తగులుతోంది, ఏ చప్పుడూ లేకుండా. ఆ వేళ్ళు ఒక్కొక్కటే మెత్తబడి కదలడం మొదలయ్యేదాకా మేమిద్దరం అట్లాగే ఉండిపోయాం.